ఆదెయ్య పెంచిన చీనా పాము

పులికాటు సరస్సు ఒడ్డున, తడ ఊరికి ఎదురుగా ఉన్న ఆ పల్లెలో ఆదెయ్యను మించిన అనుమానం మనిషి లేడు. ఎవరైనా "కూడు తిన్నావా అన్నా" అని పలకరిస్తే, నా కూటితో వీడికేం పని అని వాడి వెనక్కి తొంగి చూసే రకం. గాలి తిరిగిందని ఊరంతా పడవలు తోస్తుంటే తను మాత్రం తడి వేలు పైకెత్తి, అందరూ కలిసి తనను మోసం చేయడం లేదని తేల్చుకున్నాకే పడవ ఎక్కేవాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు గడిచినా, పులుసులో ఉప్పు సరిపోయిందని భార్య మాలకొండమ్మ చెబితే ఒక్కనాడూ నమ్మలేదు. వేలు ముంచి నాలుక్కి రాసుకుంటేగాని కంచం ముందు కూర్చునేవాడు కాదు.

చెడ్డవాడు కాదు. ఒకరి నోటిది లాక్కున్నవాడూ కాదు. తండ్రి పోయేటప్పటికి ఆదెయ్యకు పదిహేడేళ్ళు, తమ్ముడు చెంగయ్యకు ఏడు. తాడు గట్టిదేనని ఎవరో చెబితే, నమ్మి దాన్ని పట్టుకుని నీళ్ళలో దిగాడట ఆ తండ్రి. తాడు తెగింది. ఆ తర్వాత ఆదెయ్య ఎవరి మాటా నమ్మలేదు, తమ్ముణ్ణి మాత్రం భుజాన వేసుకుని పెంచాడు. వాడికి ఈత నేర్పాడు, వల అల్లడం నేర్పాడు, అంకాలమ్మనిచ్చి పెళ్ళి చేశాడు. ఇంత చేసినవాడు తమ్ముణ్ణైనా నమ్మాడా అంటే, అక్కడే వచ్చింది చిక్కు.

ఆ సరస్సులో ఎవరికి తోచినచోట వాళ్ళు వల కట్టడానికి వీల్లేదు. రొయ్య నడిచే సందులు కొన్నే. ఏ సందు ఏ రోజు ఎవరిదో ఏటా చీట్లు వేసి తేల్చుకుంటారు. ఆ వంతునే పాడు అంటారు. పాడు ఉన్న ఇంట్లో ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. లేనివాడు పక్కవాడి పడవలో కూలికి పోవలసిందే. ఆదెయ్యకు, చెంగయ్యకు కలిపి తండ్రి నుంచి వచ్చిన పాడు ఒకటే. అట్లాంటి జంట పాడుకు ఊరు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. చీటి తీయకముందు పెద్దకాపు ఆ ఇద్దరినీ పోలేరమ్మ ముందు నిలబెట్టి, ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం ఉందా అని అడుగుతాడు. ఇద్దరూ నోరారా ఉందని చెప్పాలి. ఏ ఒక్కడు నీళ్ళు నమిలినా ఆ ఏడు వాళ్ళకు చీటి లేదు. నమ్మకం లేని ఇద్దరు ఒకే వల లాగితే ఒకడు మునిగిపోతాడని పాతవాళ్ళ భయం. అందులో తప్పేం లేదు.

ఆ ఏడు ఎండాకాలంలో వీళ్ళ వంతు వచ్చిన రోజు, చెంగయ్య కాపలా ఉన్న పూట, వల అడుగున మూరెడు చిరుగు పడింది. తోడితే ఎత్తలేనన్ని రొయ్యలు పడవలసిన చోట గుప్పెడు పడ్డాయి. "పీతలు కొరికినాయన్నా" అన్నాడు చెంగయ్య. ఆదెయ్య చిరుగును వెలుతురుకు పట్టి చూశాడు. పీత కొరికితే దారాలు నలిగి ఉండాలి, ఇది కత్తి పెట్టినంత నున్నగా ఉందనిపించింది. అంకాలమ్మ పుట్టిల్లు సరస్సు అవతలి ఒడ్డున. ఆమె అన్నదమ్ముల పడవ ఆ ఉదయం ఆ చాయల కనిపించిందని ఎవరో అన్నారు. ఆదెయ్యకు అంతకంటే ఏం కావాలి? రెండూ రెండూ కలిపి ఇరవై రెండు చేశాడు. "బామ్మర్దుల కోసరం నువ్వే కోసినావు" అన్నాడు తమ్ముడి మొహం మీదే. చెంగయ్య పీతలేనని మళ్ళీ చెప్పాడు. పది రోజులు చెప్పాడు, నెల చెప్పాడు. ఆ తర్వాత అన్నతో మాట్లాడడమే మానేశాడు. వలలు ఒకటే, పడవ ఒకటే, ఇద్దరి మధ్య మాట మాత్రం లేదు. చీట్ల రోజు దగ్గర పడుతున్న కొద్దీ మాలకొండమ్మకు కంటికి నిద్ర కరువైంది.

అది చీనావాళ్ళతో యుద్ధం జరుగుతున్న కార్తీకం. తడలో రేడియో విన్నవాళ్ళు రోజుకో కబురు తెచ్చేవారు. ఆకాశం చిల్లు పడినట్టు వాన. సరుగుడు కట్టెలు వేసుకుని కాలువ మీద మద్రాసుకు పోవలసిన కామాక్షయ్య పడవ, వరద తగ్గేదాకా కదలడానికి లేక ఆ పల్లె రేవులో కట్టేసి ఉంది. కామాక్షయ్య నోరున్న మనిషి. లాకుల దగ్గర రోజుల తరబడి పడిగాపులు పడేవాడికి ఒక ఆట చేతిలో ఉండాలి కదా, అట్లా తనే కల్పించుకున్నది దీవులాట.

వలల కొట్టంలో తాటాకు చాప పరిచి బొగ్గుతో ఏడు దీవులు గీశాడు. ఆరు గవ్వలు. ఆడేవాళ్ళు తలా ఒక వేషం ఎంచుకోవాలి. కామాక్షయ్య కథ చెబుతుంటే ఆ వేషంలో తామే దీవి నుంచి దీవికి ప్రయాణం చేయాలి. బావి దగ్గరికొచ్చారు, తాగుతారా? రెండు తలుపులున్నాయి, ఏది తీస్తారు? ఇట్లా అడుగుతాడు. తెగువకు గవ్వలు వేయాలి, వెల్లకిలా ఎన్ని పడితే అంత మేలు. ఆడేవాడికి ఒక తోడు ఉంటుంది, అంటే పెంపుడు ప్రాణి. దానికి దఫాకో చింతగింజ మేత వేయాలి. మూసిన తలుపు వెనక ఏముందో ఆ ప్రాణికి తెలుస్తుంది. కామాక్షయ్య ఆ రహస్యాన్ని ఆడేవాడికి ఎడమ పక్కన కూర్చున్నవాడి చెవిలో చెబుతాడు, వాడు ఆ ప్రాణి గొంతుతో పైకి చెప్పాలి. మేత తిన్నంతకాలం తోడు అబద్ధమాడదు. పస్తు పెడితే మాత్రం ఏం చెబుతుందో దాని ఇష్టం.

ఎండుచేపలమ్మే మస్తానమ్మ దొంగ వేషం కట్టి ముంగిసను తీసుకుంది. వల బాగుచేయడానికి వచ్చిన ఆదెయ్య, నేనాడనంటూనే నియమాలన్నీ రెండుసార్లు అడిగి, అరగంట తర్వాత కావలివాడి వేషం కట్టాడు. అప్పటికి మిగిలిన తోడు ఒకటే. కామాక్షయ్య సంచిలోంచి ఎండిపోయిన గుర్రపుమూతి చేపను తీసి చాప మీద పెట్టాడు. వేలెడంత ఉంది. మూతి ముందుకు సాగి, తోక చుట్టుకుని, ఒంటినిండా గరుకు.

"ఇది చేప కదంట్రా?" అన్నాడు ఆదెయ్య.

"ఆటలో చేప కాదన్నా. చీనావాళ్ళ పింగాణీ జాడీల మీద చూళ్ళా? కాళ్ళుండే పాము, రెక్కలుంటాయి, నోట్లో నిప్పు. ఇది దాని పిల్ల. నీ రొంటిన పడుకుంటాది."

"చీనా పామా!" మస్తానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "వాళ్ళేమో ఆడ మనోళ్ళని కాలస్తా ఉండారు, ఈయనేమో ఈడ వాళ్ళ పాముకి మేతేస్తాడంట!"

కొట్టంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆదెయ్య నవ్వలేదు. ఇది పెరిగితే ఎంతవుతుంది, నిప్పు ఎవరి మీద కక్కుతుంది, నాకే ఎందుకు మిగిల్చావు అని వరుసగా అడిగాడు. సరిగ్గా అప్పుడే చెంగయ్య తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. కూర్చోవడానికి కొట్టంలో ఒక్క చోటే ఖాళీ ఉంది, అన్నకు ఎడమ పక్కన. ముందు రోజు తన భార్య గిన్నెడు చేపల పులుసు కామాక్షయ్య పడవకు పంపడం ఆదెయ్య కళ్ళారా చూశాడు. ఆ పులుసు ఊరికే పోలేదని, తమ్ముణ్ణి తన పక్కన కూర్చోబెట్టడానికే పోయిందని ఇప్పుడు అర్థమైంది. జీవితంలో అతని అనుమానం నిజమైన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఇదొకటి. అయినా లేచిపోలేదు. లేస్తే తమ్ముడికి భయపడినట్టవుతుంది.

"పెంచినోణ్ణి తోడు నాయనా అని పిలవాల. అది ఆట పద్ధతి" అన్నాడు కామాక్షయ్య, ఎటో చూస్తూ.

మొదటి దీవిలో బావి వచ్చింది. కామాక్షయ్య చెంగయ్య చెవిలో ఏదో ఊదాడు. చెంగయ్య చాప మీది చేపను చూస్తూ, ఆరు నెలల తర్వాత అన్న పక్కన నోరు విప్పాడు. "నాయనా, ఆ నీళ్ళు తాగబాకు. కళ్ళు పోతాయి."

ఆ పిలుపు ఆదెయ్యకు ఎక్కడో తగిలింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా చెంగయ్య తనను అట్లాగే పిలిచేవాడు. కాని మనసు కరిగే లోపల అనుమానం తలుపు వేసేసింది. తాగొద్దంటున్నాడంటే తాగితే మేలేదో జరుగుతుందన్నమాట. తాగాడు. కావలివాడికి రెండు దఫాలపాటు కళ్ళు కనిపించలేదు.

రెండో రోజు తలుపులు వచ్చాయి. "ఎడమది తియ్యి నాయనా" అంది పాము. ఆదెయ్య కుడిది తీశాడు. లోపలి పులి మస్తానమ్మ ముంగిసను నోట కరుచుకుపోయింది.

"నీ అనుమానం పాడుగాను! నా ముంగిసేం పాపం చేసిందయ్యా?" మస్తానమ్మ నిజంగానే ఏడ్చినంత పని చేసింది. "మేతేమో రెండింతలు ఏస్తావు, దాని మాట మాత్రం ఒక్కటీ వినవు. అట్టాంటప్పుడు దాన్ని సాకడమెందుకు?"

ఆ మాట నిజమే. దఫాకు ఒక గింజ చాలంటే ఆదెయ్య రెండు వేసేవాడు. ఆకలితో అబద్ధం చెప్పిందన్న సాకు దానికి మిగలకూడదని ఎత్తు. సాయంత్రం ఆట ముగిశాక దాన్ని కొట్టంలో వదిలేవాడు కాదు. ఎవడైనా మారుస్తాడని తోకకు తారు చుక్క పెట్టి, ఖాళీ సున్నపుకాయ డబ్బీలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చుకునేవాడు. మూడో రోజున ఆ డబ్బీలో కాస్త దూది వేశాడు. వాన జల్లు పడుతుంటే దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమయ్యో, నా బిడ్డలకి కూడా ఇంత చెయ్యలేదే నువ్వు" అంది మాలకొండమ్మ.

"ఊరుకో మే. దాన్ని కనిపెట్టి చూస్తా ఉండా" అన్నాడు. కనిపెట్టడానికి దూది ఎందుకో ఆమె అడగలేదు.

అయిదో రోజుకు ఏడో దీవి చేరారు. అప్పటికి ఆదెయ్య మూర్ఖత్వం పుణ్యమా అని అందరి వేషాలూ చావుకు సిద్ధంగా ఉన్నాయి. కొండ అంచున తాడు వంతెన. వెనక మంటలు. కామాక్షయ్య గొంతు తగ్గించి, దాటడమా దూకడమా అన్నాడు. చెంగయ్య చెవిలో రహస్యం పడింది.

"దూకు నాయనా. తాడుని నమ్మబాకు. కింద నీళ్ళుండాయి."

తాడు అనగానే ఆదెయ్యకు తండ్రి గుర్తొచ్చాడు. అది తమ్ముడికీ గుర్తొచ్చిందని వాడి గొంతులో వణుకే చెప్పింది. చాప మీద వేలెడు ప్రాణి చుట్టిన తోకతో తననే చూస్తున్నట్టుంది. అయిదు రోజులు అది ఒక్క అబద్ధం ఆడలేదు. చెప్పిందల్లా జరిగింది. ఇంకా ఏం చూడాలి? "దూకినా" అన్నాడు ఆదెయ్య. గవ్వలు వేస్తే అయిదు వెల్లకిలా పడ్డాయి. కావలివాడు నీళ్ళలో పడి బతికాడు, వాడి వెనకే అందరూ బతికారు. మస్తానమ్మ కేక పెట్టింది. ఆదెయ్య చిన్నపిల్లాడిలా తొడ చరుచుకుని నవ్వి, ఎడమ పక్కకు తిరిగాడు. చెంగయ్య కూడా నవ్వుతున్నాడు. ఒక్క ఘడియ ఆ ఇద్దరూ పాత అన్నదమ్ములే.

"గెలిచినోడి తోడు ఒక్క ప్రశ్నకి బదులు చెబుతాది. ఏదైనా సరే, ఆటలోది కాకపోయినా సరే" అన్నాడు కామాక్షయ్య. పులుసు రుణం అక్కడ తీర్చుకున్నాడు.

ఆదెయ్య పాముకు చివరి చింతగింజ పెట్టాడు. "మా వల తెంపింది ఎవురు?"

ఈసారి కామాక్షయ్య ఎవరి చెవిలోనూ ఊదలేదు. చెంగయ్య చాప మీది చేపను అరచేతిలోకి తీసుకున్నాడు. "పీతలు నాయనా" అన్నాడు.

"సరే. పాము అబద్ధమాడదు గదా" అన్నాడు ఆదెయ్య, గుండె మీది బరువు దిగినట్టు. మస్తానమ్మ ఆ కబురు మాలకొండమ్మకు చెప్పడానికి వానలోనే పరిగెత్తింది. అందరూ సంతోషించారు. చెంగయ్య మాత్రం నవ్వు ఆపి, చింతగింజలు ఏరి సంచిలో వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం ఆదెయ్య ఇంటి ముందు నుంచే నడిచినా లోపలికి తొంగి చూడలేదు.

వానలు తెరిపిచ్చాయి. కామాక్షయ్య పడవ విప్పుకుని పోతూ ఆ చేపను ఆదెయ్యకే వదిలేశాడు. కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం పొద్దున చీట్లు పెట్టారు. పోలేరమ్మ ముందు కొత్త కుండలో తాటాకు ముక్కలు వేసి, పెద్దకాపు గంగులయ్య ఇంటి పేర్లు చదువుతుంటే ఊరంతా చుట్టూ నిలబడింది. ఈ ఇద్దరి వంతు వచ్చింది. అన్నదమ్ములు పక్కపక్కన నిలబడ్డారు.

"చెంగయ్యా, మీ అన్న మాట మీద నీకు నమ్మకం ఉండాదా?"

"ఉండాది పెదనాయనా."

"ఆదెయ్యా, మీ తమ్ముడి మాట మీద నీకు?"

ఆదెయ్య నోరు తెరిచాడు. ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వచ్చిన మాటే. కాని ఇక్కడ చాప లేదు, గవ్వలు లేవు, మేత తిని నిజం చెప్పే పాము లేదు. ఉన్నది చెంగయ్య ఒక్కడు. ఊపిరి కూడా తీసుకోకుండా ఉండాది అనేశాడే, వీడికంత తొందరేమిటి? ఆ అవతలి గుంపులో అంకాలమ్మ అన్న ఎందుకు నిలబడ్డాడు? వద్దు, వద్దు అని తన తలను తనే తిట్టుకున్నాడు. తల వినలేదు. మాట గొంతులోనే ఉండిపోయింది. గంగులయ్య చూస్తున్నాడు. ఊరు చూస్తోంది. మాలకొండమ్మ పెదవులు మొగుడి బదులుగా ఆ మాట పలుకుతున్నాయి. గంగులయ్య చెయ్యి కుండ మీది నుంచి మెల్లగా వెనక్కి జరిగింది.

"అన్నకి గొంతు పూడిపోయి ఉండాది పెదనాయనా" అన్నాడు చెంగయ్య గట్టిగా. "మంచులో తడిసినాడు, నిన్నటి నుంచి మాట పెగల్లా. ఇందాక పడవ కాడ నా చెయ్యి పట్టుకుని సైగ చేసినాడు, నమ్మకం ఉండాదని. నాకు చాలు. నీకు చాలదా?"

"అమ్మోరి ముందర చెబతా ఉండావు" అన్నాడు గంగులయ్య.

"అమ్మోరి ముందరే చెబతా ఉండా."

గంగులయ్య ఆదెయ్య వైపు తిరిగాడు. ఆదెయ్య తల ఊపాడు. అంతకంటే ఏమీ చేయలేకపోయాడు. చీటి తీశారు, మంచి సందే వచ్చింది. మాలకొండమ్మ నేల మీద కూలబడి చీర చెంగుతో మొహం కప్పుకుంది.

సందు హద్దు కొయ్యలు చూసి రావడానికి ఇద్దరూ పడవలో బయలుదేరారు. చెంగయ్య గడ వేస్తున్నాడు. ఆదెయ్య ముందు కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. పడవ దగ్గర చెయ్యి పట్టుకోవడం లేదు, గొంతు పూడడం లేదు. ఆరు నెలలుగా తమ్ముణ్ణి ఏ అబద్ధంలో పట్టుకోవాలా అని కాచుకుని కూర్చున్నాడు. ఈ రోజు పట్టుకున్నాడు. తనకు తెలిసి వాడు ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ దేవత ఎదురుగా, తన కోసం, తన పిల్లల కూటి కోసం. సిగ్గుతో, ప్రేమతో ఆదెయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తండ్రి పోయిన నాడు కూడా అంత ఏడుపు రాలేదు. ఇప్పుడైనా ఒక మాట చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది. తమ్ముడి వైపు తిరిగాడు.

"రేయ్ చెంగా."

"ఊఁ."

"ఇంతకీ... అయి నిజంగా పీతలేనంట్రా?"

చెంగయ్య గడ ఆపాడు. ఆరు నెలల తర్వాత మొదటిసారి అన్న కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆదెయ్యను కోసింది.

"ఇంటికి పోయి నీ పామునడుగన్నా" అని, మళ్ళీ గడ నీళ్ళలోకి దించాడు.